పెరుగులో మందు

మా బావ చెయ్యి పడని చెంప ఆ హాల్లో ఒక్కటీ లేదు, నాది మొదలుకొని మేనేజరుది దాకా. మేనేజరుని కొట్టింది ఒక్కసారే. అదీ పొరపాటేనని బావ వాదన. పక్కవాణ్ణి కొట్టబోతే మేనేజరు తల అడ్డం పెట్టాడట. అయినా ఉద్యోగం ఊడలేదు. ఎనిమిది నిమిషాల్లో గొడ్డులో ఒక సగాన్ని ఎముకలు వేరు చేసి బల్ల మీద పరిచేవాడు అక్కడ ఇంకొకడు లేకపోవడమే కారణం.

మాది మాంసం కోసే హాలు. గొడ్డును నిలువునా రెండుగా చీల్చి, కొక్కేలకు గుచ్చి, పైన నడిచే గొలుసు మీద పంపిస్తారు. వాటిని మేము సగాలంటాం. పొద్దున ఆరింటికి సగాలు రావడం మొదలవుతుంది. చలికి ముక్కు కొన ఉందో లేదో తెలియదు. కాళ్ళ కింద నెత్తురూ నీళ్ళూ కొవ్వు తునకలూ. అరవైమంది చేతుల్లో అరవై కత్తులు. అక్కడ నెమ్మదిగా మాట్లాడితే పక్కవాడికి వినపడదు, మర్యాదగా మాట్లాడితే వినపడినా లెక్కచెయ్యడు. మా బావ ఆ హాలుకి పెద్ద కోతగాడు. అందరూ గొడ్డలి అనేవాళ్ళు, ఎదురుగా గొడ్డలన్న. నేను ఎముకలు కోసే రంపం మిషను మీద పనిచేసేవాణ్ణి. ఆ పని ఇప్పించింది బావే. అందుకని, సొంత మనిషినని, అందరికంటే నాకు రెండెక్కువ పడేవి.

ఒక్క మా అక్కమీద మాత్రం పదిహేడేళ్ళలో ఆ చెయ్యి పడలేదు. పిల్లలు లేరు, ఇద్దరే. నేను వాళ్ళ పై గదిలో ఉండేవాణ్ణి, తిండి అక్క దగ్గరే. అక్కది మా హాలు కోట్లు ఉతికే లాండ్రీలో పని. కోటు చేతిమడత చూసి అది గొడ్డు నెత్తురో మనిషి నెత్తురో చెప్పేసేది. సాయంత్రం బావ ఇంటికి రాగానే, "ఇవాళ ఎవడి ముక్కు?" అని అడిగేది. బావ పేరు చెప్పేవాడు. వాళ్ళ సంసారం అలా నడిచేది.

బావకి కొవ్వెక్కువని ఊరంతా ఎప్పటినుంచో అనుకునేదే. డాక్టరు నెత్తురు తీసి ఆ సంగతి కాగితం మీద పెట్టాడు, అంతే తేడా. ఒకరోజు పదింటి వేళ బావ చేతిలో కత్తి జారింది. పైన వెళ్తున్న కొక్కేన్ని పట్టుకుని దాంతోపాటు నాలుగడుగులు నడిచి, గోడకి ఆనుకుని కూలబడ్డాడు. గుండెపోటు కాదన్నారు, ఇప్పటికి కాదన్నారు. కొలెస్ట్రాల్ మూడువందల పద్దెనిమిది.

"మీ నాన్నగారు ఎన్నో ఏట పోయారు?" అని అడిగాడు డాక్టరు.

"నలభై ఆరు."

"అన్నదమ్ములు?"

"ఒక్కడే అన్న. నలభై నాలుగుకి పోయాడు. బస్సులో కూర్చునే."

"మీకిప్పుడు?"

"నలభై ఐదు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇది మీ ఇంట్లో రక్తంలోనే ఉంది. తిండి తగ్గించుకుంటే మంచిదే గానీ దానితో సరిపోదు. రోజూ మాత్ర వేసుకోవాలి. బతికున్నన్నాళ్ళూ."

ఆ ఇంట్లో నలభై ఏడు చూసిన మగాడు లేడు. ఆ రోజునుంచి మా అక్కకి కావలసింది ఒక్కటే, బావకి నలభై ఏడు రావడం. ఇల్లూ వద్దు, నగలూ వద్దు, ఇంకో ఊరూ వద్దు. నిద్రలేస్తే అదే లెక్క, ఎన్ని నెలలైంది, ఇంకా ఎన్ని ఉన్నాయి.

బావ మాత్రలు ముప్ఫై రోజులు మింగాడు. పిక్కలు లాగేస్తున్నాయన్నాడు. పది గంటలు నిలబడి కత్తి పట్టేవాడికి పిక్కలే ఆస్తి. డాక్టరు దగ్గరికెళ్ళి చెబితే ఇంకో రకం రాసేవాడు, కానీ బావ డాక్టరు దగ్గరికి పోలేదు, మురుగు తూము దగ్గరికి పోయాడు. మాత్రలన్నీ అందులో పోసి పైనుంచి నీళ్ళు కొట్టాడు.

"మా నాన్న మందులు గుప్పెళ్ళకొద్దీ మింగాడు. మింగి మింగే పోయాడు," అన్నాడు అక్కతో. "ఇంకోసారి ఈ ఇంట్లో మందు అనే మాట వినపడితే పళ్ళు రాలగొడతాను. నీవి కాదు, నీ తమ్ముడివి."

అక్క ఇస్త్రీపెట్టె విసిరింది. కిటికీ అద్దం పగిలింది గానీ బావ మనసు మారలేదు.

వారం తరవాత అక్క ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మాత్రకు బదులు ఏదీ లేదని ముందే చెప్పేశాడు. తోడుగా అయితే మొక్కలనుంచి తీసిన పొడి ఒకటుంది, ఇసబ్గోలు గింజల పొట్టు, కొలెస్ట్రాల్‌ని కాస్త తగ్గిస్తుంది, ఈలోపల మెల్లగా ఒప్పించి మాత్రలు వేయించండి అన్నాడు. మందుల షాపాయన డబ్బా చేతికిస్తూ ఒకటే మాట మూడుసార్లు చెప్పాడట, బాగా కలిపి ఇవ్వండి, నిండా నీళ్ళు తాగించండి, పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది అని.

ఆ సాయంత్రం అక్క వంటింట్లో నా ముందే చెంచాడు పొడి గ్లాసులో వేసి నీళ్ళు పోసింది. చూస్తూండగానే ఉబ్బి జిగురు ముద్దైపోయింది. గ్లాసు బోర్లిస్తే కింద పడలేదు.

"ఇది ముసలాళ్ళు విరేచనానికి వేసుకునేది కదే," అన్నాను.

"నీకూ కలపనా?"

"బావకి తెలిస్తే?"

"నువ్వు చెబితేనే తెలుస్తుంది."

మధ్యాహ్నం భోజనానికి బావ ఇంటికొచ్చేవాడు, హాలు రెండు వీధుల అవతలే. అక్క లాండ్రీనుంచి ముందే వచ్చి పెరుగు చిలికి, పలచన చేసి, అందులో పొడి కలిపి ముందుపెట్టేది. ఆ వెంటనే రెండు గ్లాసుల నీళ్ళు. "ఏంటే, నన్ను ఆంబోతులా నీళ్ళు తాగిస్తున్నావు," అనేవాడు బావ. తాగేవాడు. వేపిన కొవ్వు ముక్కలు కూడా అక్క మాన్పించింది. మూడు నెలలు గడిచాయి.

ఆ మూడు నెలల్లో బావ మెత్తబడ్డాడు. పొడివల్ల కాదు. ఆ రోజు గోడకి ఆనుకుని కూలబడ్డప్పుడు భయపడ్డాడు. భయపడ్డానని ఎవరికీ చెప్పుకోలేడు. గొడవ ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు, గుండె మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడేవాడు. నేను చూశాను కాబట్టి నాకు తెలుసు. హాలుకి మాత్రం కనపడింది వేరు. మొదటి నెల ఎవరూ నమ్మలేదు. రెండో నెల గొడ్డలి మొద్దుబారిందన్నారు. మూడో నెలకి సగాలు మోసేవాళ్ళు కూడా ఆయన భుజానికి భుజం తగిలించి వెళ్తున్నారు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

ఆ పొద్దున రంపం దగ్గర నా చెయ్యి తప్పింది. వెన్నెముక మధ్యలో పోవలసిన పళ్ళు పక్కకి పోయి, మంచి కండ నాలుగు వేళ్ళ మందాన చెడింది. బావ వచ్చి చూశాడు. మూడు నెలలుగా బిగబట్టుకున్నదంతా నా మీదే తీర్చుకున్నాడు. ఎడమ చేతికి ఇనుప గొలుసు అల్లిక తొడుగు ఉంది, కత్తికి చెయ్యి తెగకుండా వేసుకునేది. ఆ చేత్తోనే కొట్టాడు. నా పై పన్ను ఒకటి విరిగి నాలిక మీద పడింది. రెండో దెబ్బ కడుపులో. బల్లకింద నెత్తుటి నీళ్ళలో పడి లేవబోతుంటే బూటుతో మళ్ళీ పడేశాడు.

"మీ అక్క మొహం చూసి బతికిపోయావురా," అన్నాడు. అరవైమందీ చూశారు. కొందరు నవ్వారు.

నోరు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ నేల కడిగేవాడు పైపు పట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి అందరం రేడియో అంటాం. వాడి చెవిలో పడ్డది హాలు ఆ చివరికి చేరడానికి గొలుసు మీద ఒక సగం మనల్ని దాటినంత సేపు కూడా పట్టదు.

"మీ బావకి మళ్ళీ ప్రాణం లేచొచ్చిందేంటి? ఇన్నాళ్ళూ పిల్లిలా ఉన్నాడు," అన్నాడు.

"మా అక్క రోజూ పెరుగులో మందు పెడుతోందిలే. ఇవాళ డోసు తప్పినట్టుంది," అన్నాను.

మన భాషలో మందంత దగాకోరు మాట ఇంకోటి లేదు. డాక్టరు రాసేదీ మందే, సీసాలోంచి పోసుకునేదీ మందే, పురుగులకి కొట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. ఏది ఏదో పక్కనున్న మాటే చెబుతుంది. మందు ఇస్తోంది అంటే వైద్యం. మందు కలుపుతోంది అన్నా సర్దుకోవచ్చు. కానీ పెళ్ళాం మొగుడికి మందు పెడుతోంది అంటే అర్థం ఒక్కటే. వాణ్ణి లొంగదీసి చేతిలో పెట్టుకోవడానికి తిండిలో ఏదో దాచి, మగాణ్ణి మన్ను చేస్తోందని. అది తెలియక అన్నానని చెప్పను. నోరంతా నెత్తురు ఉంది, నాకు బావ పరువు తియ్యాలని ఉంది ఆ క్షణాన. నేను కొట్టలేను కాబట్టి ఆ మాటతో కొట్టాను. దెబ్బ తగిలేది అక్కకని నా బుర్రకి తట్టలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రేడియో పైపు కట్టేశాడు. అది చాలు నాకు తెలియడానికి. పది నిమిషాల్లో హాలంతా గుసగుస, తరవాత నవ్వులు. పదకొండింటికి సగం మోసుకెళ్తున్న ఒకడు బావ బల్ల దగ్గర ఆగాడు. "గొడ్డలన్నా, ఇవాళ పెరుగు ఇంకో గిన్నె వేయించుకో. ఇంకా కొంచెం పొగరు మిగిలిందట," అన్నాడు.

బావ కత్తిని తీసి నీళ్ళ తొట్టిలో పెట్టాడు. ఆయన ఎప్పుడూ కత్తితో కొట్లాడేవాడు కాదు, ఆ ఒక్క నియమం తప్పలేదు. తరవాత ఆ మోతగాడి మెడమీది సగాన్ని పట్టి లాగాడు. వాడు దానికిందే పడ్డాడు. పైన మోకాలు వేసి మొహం మీద ఎన్ని గుద్దాడో నేను లెక్కపెట్టలేదు. దవడ ఎముక విరిగిన చప్పుడు నాకు తెలుసు, రోజూ వినే చప్పుడే. అడ్డం వచ్చిన ఇద్దరిలో ఒకణ్ణి బల్ల అంచుకి తల పెట్టి కొట్టాడు, రెండోవాడు పారిపోయాడు.

"ఎవడు చెప్పాడు?" అన్నాడు లేస్తూ.

కళ్ళన్నీ రేడియో వైపు తిరిగాయి. వాడు పైపు వదిలి పరుగెత్తబోయి కొవ్వు మీద జారాడు. బావ వాణ్ణి వెనక కాలరు పట్టి ఎత్తి, నడిచే గొలుసు కొక్కేనికి తగిలించాడు. కోటుతోపాటు భుజం చర్మం కూడా గుచ్చుకుంది. వాడు సగాల వరసలో ఒక సగంలా వేలాడుతూ ముందుకి వెళ్ళిపోతున్నాడు, కాళ్ళు కొట్టుకుంటున్నాడు, కోటు ఎర్రబడుతోంది. ఇంతకు ముందు నవ్వినవాళ్ళెవరూ ఇప్పుడు నవ్వలేదు. మేనేజరు పరుగెత్తుకొచ్చి గొలుసు ఆపాడు.

"నన్నెందుకు చంపుతావు గొడ్డలన్నా, నేనన్న మాట కాదు," అని ఏడ్చాడు రేడియో. "నీ బావమరిదే చెప్పాడు. వాణ్ణడుగు."

బావ నా దగ్గరికి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కొడతాడని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు.

"మీ అక్క నాకు మందు పెడుతోందా?" అన్నాడు, చాలా నెమ్మదిగా.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. అది ఉత్త గింజల పొట్టు బావా, కొలెస్ట్రాల్‌కి, డాక్టరే చెప్పాడు. నాలుగు ముక్కలు. హాలు నవ్వేది, ముసలాళ్ళ విరేచనాల పొడి అనేది, బావ ఇంకో ఇద్దర్ని కొట్టేవాడు, అంతటితో పోయేది. కానీ విరిగిన పన్ను గుచ్చుకుంటోంది. అందరూ నా వైపే చూస్తున్నారు.

"అక్కనే అడుగు," అన్నాను.

బావ వెళ్ళిపోయాడు. కత్తి తొట్టిలోనే ఉంది, అది చూసి ఊపిరి పీల్చుకున్నాను. అరనిమిషం అలాగే నిలబడ్డాను. కత్తి లేకపోతేనేం, ఆ చేతులున్నాయి కదా అని అప్పుడు తట్టింది. రబ్బరు బూట్లతోనే వీధిలో పడి పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. అక్క వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉంది, చేతిలో చెంచా, ముందు మూత తీసిన డబ్బా, పక్కన పెరుగు గిన్నె. బావ గుమ్మంలో. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం.

"ఏంటది?" అన్నాడు బావ.

"మందు."

పొట్టు అనొచ్చు, పొడి అనొచ్చు. అక్కకి దొరికిపోయాక అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"నాకు మందు పెడుతున్నావా?"

"పెడుతున్నాను. మూడు నెలలైంది. నువ్వు చావకూడదని పెడుతున్నాను."

మొదటి మాట తరవాత బావకి ఏమీ వినపడలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. పదిహేడేళ్ళుగా పడని చెయ్యి పడింది. అక్క గట్టుకి కొట్టుకుని, అక్కడున్న ఇనప పెనం అందుకుని, తిరిగి ఆయన నుదుటిమీద కొట్టింది. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి కారింది. ఆయన పెనం లాక్కుని పారేశాడు.

"బావా, అది కొలెస్ట్రాల్ పొడి, డాక్టరు చెప్పాడు," అని అరిచి మీద పడ్డాను. మోచేత్తో ఒక్క తోపు. అలమారాకి కొట్టుకుని పడ్డాను, కుడి చెయ్యి ఒంటి కింద మడతపడి మణికట్టు విరిగింది. అరిచానో లేదో గుర్తులేదు.

బావ ఎడమ చేత్తో అక్క దవడ పట్టాడు. బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్ళు ఇంకో పక్క. రోజూ బల్లమీద తలలు పట్టే పట్టు అదే, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కుడి చేత్తో డబ్బాలోంచి గుప్పెడు పొడి తీశాడు.

"మందు కాకపోతే నువ్వు తిను."

ఒక గుప్పెడు. అక్క తల తిప్పబోయింది, తిప్పనివ్వలేదు. ఇంకో గుప్పెడు. పొడి ముక్కుల్లోంచి పొగలా వచ్చింది. మూడో గుప్పెడు కుక్కి, అరచేత్తో నోరు మూసి పట్టాడు. ఊపిరి కోసం అక్క మింగింది. మింగక ఇంకేం చేస్తుంది.

వదిలేశాడు. వెనక్కి రెండడుగులు వేసి, పరీక్ష పెట్టినవాడిలా నిలబడి చూశాడు. ఆమెకు ఏమవుతుందో చూడాలని. ఏమీ కాలేదు ముందు. తరవాత అక్క గొంతు పట్టుకుంది. దగ్గబోతే దగ్గు రాలేదు. నోరు తెరిచి నన్ను చూసింది, చప్పుడు లేదు. మొహం ఎర్రబడి, తరవాత నల్లబడడం మొదలుపెట్టింది. ఎడమ చేత్తో నీళ్ళ గ్లాసు అందుకుని ఆమె నోట్లో పోశాను. సాయం చేస్తున్నాననుకున్నాను. నీళ్ళు తగిలి ఆ పొడి ఇంకా ఉబ్బింది. నీళ్ళన్నీ పక్కలనుంచి బయటికొచ్చేశాయి.

"ఏమైందిరా దీనికి?" అన్నాడు బావ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఊపిరాడడం లేదు. గొంతులో ఉబ్బింది. చంపేశావు."

అప్పుడు బావ చేసింది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వెనకనుంచి ఆమెను ఎత్తి పట్టుకుని, పొట్ట పైభాగంలో పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ కుదిపాడు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. పక్కటెముక ఒకటి విరిగింది. రాలేదు. పడుకోబెట్టి వేళ్ళు గొంతులోకి పోనిచ్చాడు. పాతికేళ్ళుగా గొంతులు కోసినవాడికి ఏ గొట్టం ఎక్కడుందో చూడకుండానే తెలుసు. అక్క కరిచింది. కావాలని కాదు, ప్రాణం పోతుంటే దవడలు బిగుసుకున్నాయి. ఎముకదాకా దిగాయి పళ్ళు. ఆయన చెయ్యి తియ్యలేదు. ఆ వేళ్ళతోనే జిగురు ముద్ద ఒకటి పట్టి లాగాడు, నెత్తుటితో కలిసి, కోడిగుడ్డంత. ఇంకోటి. ఇంకోటి. తరవాత ఈలలాంటి చప్పుడు వచ్చింది, అక్క ఊపిరి.

నేను నేలమీద కూర్చునే ఆంబులెన్సుకి ఫోను చేశాను. అక్క గోడకి ఆనుకుని ఒక్కో ఊపిరీ లాగుతోంది. బావ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. వేలు వేలాడుతోంది, నెత్తురు అక్షరాల మీద పడుతోంది. తుడిచి, చిన్నపిల్లాడిలా కూడబలుక్కుంటూ చదివాడు. "కొలెస్ట్రాల్... తగ్గించడానికి... తోడ్పడే... మొక్కల ఆధారిత..." అక్కడ ఆగి అక్క వైపు చూశాడు. అక్క అటు తిరిగి కూర్చుంది.

పోలీసులు అడిగితే బావే చెప్పాడు, నేనే కుక్కానని. అక్క కూడా అదే చెప్పింది, దాచలేదు. రేడియో భుజం, మోతగాడి దవడ అన్నీ కలిపి పదకొండు నెలలు జైలు పడింది. అక్క ఆసుపత్రిలో ఆరు రోజులుంది. గొంతులోకి గొట్టం దింపి మిగతాది తీశారు. మాట బొంగురుపోయింది, అది ఇక తిరిగి రాదన్నారు. ఇల్లు ఖాళీ చేసి లాండ్రీ వెనక రెండు గదులు తీసుకుంది. నన్ను పక్క గదిలో ఉండమంది.

జైలుకి నేను నెలకోసారి వెళ్ళేవాణ్ణి. మొదటిసారే బావ అడిగింది ఆ పొడి. దాంతోపాటు జైలు డాక్టరు దగ్గర మాత్రలు కూడా మొదలుపెట్టాడు, పిక్కలు లాగని రకం. పొడికీ మాత్రకీ మధ్య ఎంతసేపు ఆగాలో డాక్టర్ని అడిగి తెలుసుకుని, అలాగే పాటించాడు. "రోజూ తాగుతున్నానని మీ అక్కకి చెప్పు," అనేవాడు. బయటికొచ్చాక మేనేజరు మళ్ళీ పనిలోకి తీసుకున్నాడు గానీ పెద్ద బల్ల ఇవ్వలేదు. కరిచిన వేలు మడతపడదు, సగానికి ఇరవై నిమిషాలు పడుతోంది ఇప్పుడు. మారిపోయాడని చెప్పను, మొన్న కూడా ఒకణ్ణి కొట్టాడు. కానీ పొడి మానలేదు, మాత్ర మానలేదు. ప్రతి మధ్యాహ్నం నా మిషను దగ్గరికొచ్చి, "ఇవాళ కూడా తాగానని చెప్పావా?" అంటాడు. చెప్పానంటాను. బావ మొహంలోకి చూడలేక రంపం వైపు చూస్తూ అంటాను.

పోయిన వారం పరీక్ష కాగితం చేతికిచ్చి, మీ అక్కకి చూపించు అన్నాడు. లాండ్రీకి తీసుకెళ్ళాను. అక్క పెద్ద మిషను ముందు తడి కోట్లు వేరు చేస్తోంది.

"ఎంతుండాలి?" అంది ఆ బొంగురు గొంతుతో.

"రెండొందల లోపు."

"ఎంతుంది?"

"నూట ఎనభై ఒకటి."

"వయసు?"

"నలభై ఏడు. ఆదివారంతో వచ్చింది."

అక్క కోట్ల కుప్ప మీద కూర్చుని ఏడ్చింది. ఎవరు చూస్తారనే ధ్యాస లేకుండా, గొంతు చాలినంత గట్టిగా ఏడ్చింది. తరవాత మొహం తుడుచుకుంది.

"బతకమను. నేను అడిగింది అదే. నా గుమ్మంలోకి మాత్రం రావద్దను."

ఆ ఏడుపు చూశాక ఇక నా కడుపులో ఆగలేదు. "ఆ రోజు హాల్లో ఆ మాటన్నది నేనే అక్కా. నువ్వు మందు పెడుతున్నావని."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆసుపత్రిలో ఉన్నప్పటినుంచి. రేడియో పెళ్ళాం చూడ్డానికొచ్చి చెప్పింది."

అంటే ఆ సంగతి తెలిసే ఇన్నాళ్ళూ నాకు వండింది. చెయ్యి విరిగిందని కలిపి ముద్దలు కూడా నోటికి అందించింది. "మరి నన్ను ఒక్క మాట కూడా అనలేదేం?" అన్నాను.

"ఆయన ఉన్నాడో పోయాడో కబురు చెప్పడానికి ఒకడు కావాలి కదరా," అంది అక్క. "నలభై ఏడు వచ్చేదాకా కావాలి. వచ్చేసింది కదా."

లేచి కోట్లు ఎత్తి మిషనులో వేసింది. తలుపు మూసింది.

"ఇంక నువ్వు కూడా రావద్దు. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యి."

మిషను తిరగడం మొదలైంది. ఆమె వెనక్కి తిరగలేదు. గదికి వెళ్ళి బట్టలు సర్దుకున్నాను.